బీడీల చాట పక్కనే పాత పేపర్లు

ప్రశ్న: నేను బీడీలు చుడతాను, మా ఆయన సాంచాలు (మరమగ్గాలు) నడుపుతారు. పాప జడ్పీ హైస్కూల్లో 8వ తరగతి. కాలేజీ చదువుకు ఇప్పటి నుంచే ఏం చేయాలి?
– ఓ తల్లి, సిరిసిల్ల

జవాబు: సరైన ఏడాదే అడిగారమ్మా. ఎన్‌ఎంఎంఎస్‌ స్కాలర్‌షిప్‌ పరీక్ష రాసేది 8లోనే. ఎంపికైతే 9 నుంచి ఇంటర్‌ దాకా ఏటా రూ.12,000. ఇంటి ఏడాది ఆదాయం రూ.3.5 లక్షలు దాటకూడదు. 180 ప్రశ్నల్లో 90 మెంటల్‌ ఎబిలిటీవి. 3, 6, 12, 24 తర్వాత ఎంత? ఇలాంటివి పాఠాల్లో దొరకవు, పాత పేపర్లు చేయించాల్సిందే.

పదిలో మంచి మార్కులొస్తే బాసర ట్రిపుల్‌ఐటీకి దరఖాస్తు పెట్టండి. ఇంటర్‌, బీటెక్‌ కలిపి ఆరేళ్లు.

మీ బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు ట్రంకుపెట్టెలోంచి తీయండి. దానిమీద పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్‌ ఉంది. దరఖాస్తుల్లో ఇబ్బంది రాకుండా, ఆధార్‌లో, బడి రిజిస్టర్లో పాప ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూడండి.