సి భాషలో స్ట్రక్చర్ - మన ట్రంకు పెట్టె

సి భాషలో ఆబ్జెక్టులు లేవు. హాస్టల్ ర్యాంకుల ప్రోగ్రాం కోసం మేము పేర్లకు ఒక అర్రే, మార్కులకు ఇంకో అర్రే పెట్టాం. మార్కులను మాత్రమే సార్ట్ చేశాం. పేర్లు కదల్లేదు. ఒకరి కష్టం మరొకరి పేరున పడింది!

దీనికి మందు స్ట్రక్చర్. గది మారేటప్పుడు మన పుస్తకాలు, బట్టలు, కంచం ఒకే ట్రంకు పెట్టెలో వెళ్తాయి కదా! అలాగే పేరు, గది నంబరు, మార్కులు కలిపి ‘స్ట్రక్ట్’తో ఒక కొత్త రకంగా ప్రకటించాలి. ఆ రకంతో ఒకే అర్రే చాలు. చుక్క పెట్టి మార్కులను పోల్చాలి. మార్చేటప్పుడు రికార్డు మొత్తాన్ని మార్చాలి.

సిలో స్ట్రక్చర్లు చేరాకే, 1973లో, యూనిక్స్ కెర్నల్‌ను ఆ భాషలో తిరగరాయగలిగారు.

తమ్ముళ్లూ, ఏవి కలిసి కదలాలో ముందే చూసుకోండి. ఎవరి మార్కులు వారికే దక్కాలి.