అభిప్రాయం వేరు, లెక్క వేరు

నెల్లూరు,
డిసెంబరు 20, 2025.

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీస్సులు.

నీ వాట్సాప్ ఉత్తరం అందింది. మీ అత్త చదివి వినిపించింది. ఆమె చదువుతూ మధ్యలో తన వ్యాఖ్యానం కలుపుతుందని అనుమానమొచ్చి, కళ్లజోడు పెట్టుకుని నేనే మళ్లీ చదువుకున్నాను. జవాబు కాగితం మీద రాస్తున్నాను, స్పీడ్ పోస్టులో పంపుతాను. రిజిస్టర్డ్ పోస్టు చేద్దామంటే అదిప్పుడు లేదు. ఈ ఏడాదే స్పీడ్ పోస్టులో కలిపేశారు. నా పోస్టాఫీసు సర్వీసంతా రిజిస్టరు నంబర్లు రాయడంలోనే గడిచింది, అయినా నన్నెవరూ అడగలేదు.

సంక్రాంతికి రానన్నావు. ఎందుకు రావో వరసగా రాశావు. తిండి దగ్గర అమ్మమ్మతో పడదు, దేవుడి దగ్గర అమ్మతో పడదు, రాజకీయం దగ్గర నాన్నతో అసలే పడదు, క్రికెట్ దగ్గర నాతో. అక్కడిదాకా నవ్వుతూనే చదివాను. అడుగున ఒక్క ముక్క ఉంది చూశావూ, 'డబ్బు విషయంలో నా వ్యూ నాకుంది మామయ్యా, ఆప్షన్స్ చేస్తున్నా, అమ్మకి చెప్పకు' అని, దాంతో మధ్యాహ్నం భోజనం సయించలేదు. ఆ సంగతికి వస్తాను. ముందు తక్కినవి తేల్చేస్తే నీ కోపం కాస్త దిగుతుంది, అప్పుడు నా మాట చెవికెక్కుతుంది.

అన్నం మానేశావట. మానేయి. పొద్దున ఓట్సు, రాత్రికి ఏదో పొడి కలిపిన పాలు తాగి ఉండగలిగితే ఉండు. మీ అత్తకి షుగరు వచ్చాక డాక్టరు కూడా అన్నం తగ్గించమనే చెప్పాడు, కాబట్టి నీ మాటలో సగం నిజం. కానీ వేసవిలో వచ్చినప్పుడు అమ్మమ్మ కంచంలోకి చూసి 'తెల్లన్నం విషం' అన్నావు. మొలగొలుకుల అన్నం తిని ఎనభై నాలుగేళ్లు నిక్షేపంగా ఉన్న మనిషి దానికేం జవాబు చెబుతుందమ్మా? రెండో రోజు పులుసు నీకిష్టమని, మామిడికాయ వేసి బొమ్మిడాయల పులుసు ముందురోజే కాచి పెట్టింది. నువ్వు ముక్కలు ఏరుకుని పులుసు వదిలేశావు. ఆ పులుసు సాయంత్రం దాకా అలాగే ఉంటే నేనే తిన్నాను. నీ కంచంలో ఏముండాలో నువ్వు చెప్పు, పక్క కంచం జోలికి పోకు.

దగ్గు తగ్గిందా? హాస్టల్లో వేడినీళ్లు ఇస్తున్నారో లేదో రాయలేదు. ఈ చలికి తలస్నానం చేసి తడిజుట్టుతో ఆఫీసుకి పోకు.

దేవుడు లేడని రాశావు. మన ఇంట్లో ఆ మాట అన్నది నువ్వే మొదటిదానివి కాదు. మీ తాత నీకంటే గట్టిగా అనేవాడు. అంటూనే రంగనాథస్వామి రథం లాగడానికి పోయేవాడు, ఊరంతా లాగుతుంటే ఇంట్లో కూర్చోవడం మర్యాద కాదని. నిన్ను రథం లాగమనను. కానీ రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, ఆ తొక్కిసలాటలో నిలబడి, మీ అమ్మ నీకోసం ఉద్యోగ రొట్టె పట్టుకుంది. నీకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. రొట్టె వల్ల వచ్చిందని నేననను. చదివావు, వచ్చింది. అయితే కోరిక తీరినవాళ్లు తిరిగి వచ్చి, అదే కోరికతో వచ్చినవాళ్లకి రొట్టె ఇవ్వాలి కదా? నీ చేతి రొట్టె కోసం ఎవరి తల్లో ఎదురుచూస్తుంటుంది. తీసుకున్నది తిరిగి ఇవ్వడానికి నమ్మకంతో ఏం పని? పోస్టాఫీసు మనిషిని, బాకీ ఉంటే నాకు నిద్ర పట్టదు. జూన్ చివర్లో మొహర్రం వస్తోంది, సెలవు పెట్టుకో.

ఇక మీ నాన్న. బావ టీవీ చర్చ కట్టేయడు, నువ్వు ఫోను పక్కన పెట్టవు. మధ్యలో మీ అమ్మ చారు వడ్డిస్తూ నిలబడుతుంది. 1983 జనవరి ఎన్నికలప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మీ తాత నిఖార్సయిన కాంగ్రెస్ మనిషి, ఇందిరమ్మ ఫొటో మన ఇంట్లో దేవుడి పటాలకంటే జానెడు పైన ఉండేది. రామారావు చైతన్యరథం మీద వస్తున్నాడంటే సాయంత్రం నుంచి ట్రంకురోడ్డు మీద పడిగాపులు కాశాం. ఆయన అర్ధరాత్రి దాటాక ఎప్పుడో వచ్చాడు. గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తే మీ తాత తలుపు తియ్యలేదు. 'మీ రామారావు ఇంటికే పోరా' అన్నాడు లోపల్నుంచి. అరుగు మీద పడుకుంటే అమ్మ కిటికీలోంచి దుప్పటి విసిరింది. పోలింగు రోజున మాత్రం ఇద్దరం ఒకే సైకిలెక్కి వెళ్లాం. ఆయన హస్తానికి వేశాడు, నేను సైకిలుకి వేశాను. సైకిలెక్కి ఓటుకి రావడమే తప్పయిపోయిందని దారి పొడుగునా సణిగాడు. ఏప్రిల్లో రెండు రూపాయల బియ్యం మొదలైతే సంచి పట్టుకుని లైన్లో ముందు నిలబడిందీ ఆయనే. నువ్వూ మీ నాన్నా జూన్ నుంచి మాట్లాడుకోవడం లేదు. ఆరు నెలలు! ఏ పార్టీవాడికీ అంత ఇవ్వనక్కర్లేదు.

టెస్టు మ్యాచ్ నిద్రమాత్ర అన్నావు. తక్కినవన్నీ క్షమిస్తాను గానీ దీన్ని క్షమించను. 2001 మార్చి 14న ఈడెన్‌లో లక్ష్మణ్, ద్రవిడ్ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వికెట్టు పడకుండా ఆడుతుంటే, నేను కౌంటరు కింద ట్రాన్సిస్టరు పెట్టుకుని మనియార్డర్లు బుక్ చేశాను. పింఛను తీసుకున్న ముసలాయన కూడా వెళ్లకుండా అక్కడే నిలబడిపోయాడు, ఎవరు ఆడుతున్నారో కూడా ఆయనకి తెలియదు. ఫాలో ఆన్ ఆడి 171 పరుగులతో గెలిచాం. నీ ఇరవై ఓవర్ల ఆటలో అంత సమయం ఎక్కడిది?

అయినా నవంబరు 2 రాత్రి మీ ఆడపిల్లలు దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు తెచ్చినప్పుడు ఇల్లంతా మేలుకునే ఉంది. కడప పిల్ల శ్రీచరణి బంతి అందుకుంటే 'మన పక్క జిల్లా పిల్లరా' అని అమ్మమ్మ దణ్ణం పెట్టింది. ఆ మ్యాచ్ మనదేనని నువ్వు ముందే చెప్పావు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా అంత స్కోరు చేసినా గెలుస్తామనే చెప్పావు. రెండూ నిజమయ్యాయి. నా భయమంతా అక్కడే మొదలైంది. ఊహ రెండుసార్లు నిజమైతే మనిషి మూడోసారి పర్సు తీస్తాడు.

అసలు సంగతికి వచ్చాను. అన్నం, దేవుడు, ఓటు, ఆట, వీటిలో ఎంత అడ్డదిడ్డమైన అభిప్రాయం పెట్టుకున్నా పెద్దగా పోయేదేం లేదు. మహా అయితే ఒక పండగ పాడవుతుంది. డబ్బుకి నీ అభిప్రాయంతో పని లేదు చిట్టీ, దానికి లెక్క ఒక్కటే తెలుసు. 'ఈ వారం నా వ్యూ బుల్లిష్' అని రాశావు. నీ వ్యూకి ఎదురుగా డబ్బు పెట్టినవాడొకడు ఉంటాడు, వాడెవడో ఎప్పుడైనా ఆలోచించావా? షేర్ మార్కెట్టుని నియంత్రించే సెబీ వాళ్లే లెక్క తీశారు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఈ ఫ్యూచర్స్, ఆప్షన్స్ (ఎఫ్ అండ్ ఓ) చేసిన మామూలు జనం కోటి మందికి పైనే, అందులో నూటికి 93 మంది నష్టపోయారు. పోయిన సొమ్ము లక్షా ఎనభై వేల కోట్ల పైన. ఖర్చులు పోను లక్ష రూపాయలకి మించి లాభం కళ్లజూసినవాళ్లు నూటికి ఒక్కరు. ఆ తర్వాత నిబంధనలు బిగించారు, అయినా 2024-25లో నూటికి 91 మంది పోగొట్టుకున్నారు, లక్షా ఐదు వేల కోట్లు. లాభపడినవి పెద్ద సంస్థలు, వాటి లాభం దాదాపు మొత్తం కంప్యూటరు ప్రోగ్రాములు చేసిన వ్యాపారం నుంచే. నువ్వు లంచ్ టైములో మెట్ల దగ్గర నిలబడి ఫోను నొక్కుతుంటే అటువైపు ఉన్నది అది. దానికి లంచ్ లేదు, దగ్గు రాదు.

షేర్లు కొనుక్కో, నేను కాదనను. నెలనెలా సిప్ కట్టుకో. కొన్న షేరు పడినా నీ దగ్గరే ఉంటుంది. ఆప్షను అలా కాదు, దానికి గడువుంది. నిఫ్టీది మంగళవారం, సెన్సెక్స్‌ది గురువారం. మార్కెట్టు పెరుగుతుందన్న నీ ఊహ బుధవారం నిజమైతే, మంగళవారం గడువుతో పోయిన ప్రీమియం ఎవరిస్తారు? మంగళవారం పూట మీ అమ్మ పక్కింటివాళ్లకి పది రూపాయలు కూడా చేబదులివ్వదు. నువ్వు ప్రతి మంగళవారం ఊరూ పేరూ తెలియనివాడికి సమర్పించుకుంటున్నావు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు, మొన్న ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఆప్షన్స్‌కి అనుమతి ఉంది కాబట్టి పాన్ కార్డు చూపించి మరీ పోగొట్టుకోవచ్చు.

నేను 1992లో కలిగిరి వైపు పనిచేసేవాణ్ణి. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన రోజులు అవి. కూలి డబ్బు పొద్దుగూకేసరికి సారా ప్యాకెట్లకి పోయేది, ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆ ఆడవాళ్లే చీపుళ్లు పట్టుకుని సారా బండ్లకి అడ్డం నిలబడ్డారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు పేపర్లలో చూసి మన జిల్లా మనిషని మీ తాత కత్తిరించి దాచుకున్నాడు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. మిగిలిన డబ్బు ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది చూడు, అప్పుడు మన జిల్లాలోనే పొదుపులక్ష్మి మొదలైంది, మనిషికి రోజుకో రూపాయి. ఒకావిడ కొంగున చిల్లర మూటగట్టుకుని మా కౌంటరుకి వచ్చేది. సంతకం అప్పుడప్పుడే నేర్చుకుంది, రాసేటప్పుడు నాలుక బయటపెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కునేది. పాసుబుక్కు అందుకుంటూ 'మా ఆయనకి తెలవదు గదా సారూ' అని అడిగేది. ఆవిడ దాచిందీ ఇంట్లోవాళ్ల దగ్గరే, నువ్వు దాస్తున్నదీ ఇంట్లోవాళ్ల దగ్గరే. ఆవిడ పిల్లవాడు ఆ డబ్బుతో పాలిటెక్నిక్ చదివాడు.

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్టుకి ఇప్పుడు 6.7 శాతం. నెలకి ఐదు వేలు కడితే ఐదేళ్లలో నువ్వు కట్టేది మూడు లక్షలు, చేతికొచ్చేది మూడు లక్షల యాభై ఆరు వేల పైచిలుకు. పీపీఎఫ్‌కి 7.1 శాతం, పదిహేనేళ్లు. నవ్వొస్తోంది కదూ? ధరలు పెరుగుతున్నాయి మామయ్యా, ఆ వడ్డీ ఏ మూలకి అంటావు. అను. అందుకేగా సిప్ కూడా కట్టుకోమన్నాను. నువ్వు పుట్టిన నెలలో నీ పేరున పాసుబుక్కు తెరిచింది నేను. పదో తరగతి ఫస్టున పాసైనప్పుడు అందులోంచే నీకు సైకిలు కొన్నాం. ఎర్ర సైకిలు కావాలని ఏడ్చావు, ఊళ్లో దొరక్క గూడూరు నుంచి తెప్పించాను. ఇవన్నీ నీకు చెప్పక్కర్లేదు.

అమ్మకి చెప్పకు అన్నావు, చెప్పను. ఒక్క పని చెయ్యి. ఏప్రిల్ నుంచి ఇవాళ్టి దాకా లాభనష్టాల స్టేట్‌మెంటు మీ బ్రోకరు యాప్‌లోనే ఉంటుంది, బ్రోకరేజీ, పన్నులు, ఛార్జీలు అన్నీ కలిపి ప్రింటు తియ్యి. నోటితో చెప్పొద్దు, అందరూ నోటితో గెలిచిన వారాలే చెబుతారు. అందులో లాభం కనిపిస్తే నేనింక నోరెత్తను. నష్టం కనిపిస్తే, ఎంతైనా సరే, తిట్టను. లోన్ యాప్‌లో అప్పు చేసి పెట్టావేమో, అదొక్కటే నా భయం. చేసుంటే ఈ ఉత్తరం చదివిన వెంటనే ఫోను చెయ్యి. నా కిసాన్ వికాస పత్రాలు కొన్ని చేతికొచ్చాయి, అవి మీ అత్తకీ నాకూ ఇప్పుడప్పుడే అక్కర్లేదు.

సంక్రాంతికి రా. రైలుకి టికెట్టు దొరక్కపోతే బస్సుకి రా. మీ నాన్న టీవీ రిమోటు నా జేబులో పెట్టుకుంటాను. పండగ మూడు రోజులూ అన్నం తినమని నిన్నెవరూ అడక్కుండా చూస్తాను, అరిసెల మాట మాత్రం అమ్మమ్మతో నువ్వే తేల్చుకోవాలి. ఆ స్టేట్‌మెంటు కాగితం దిగినచోటే నా చేతికియ్యి, ఇంటిదాకా తేకు.

ఇట్లు,
మామయ్య.

తా.క. ఉత్తరం నీకు సోమవారానికల్లా అందాలి. ఖాతాలో ఇప్పుడున్న ఆప్షన్లు మంగళవారం లోపల అమ్మేసి, ఎంతకి అమ్మావో రాయి.