చెరువును గుర్రపుడెక్క క్రమ్ముట యెట్లు?

ప్రాణి యేదైనను, చోటును ఆహారమును లభించినంతకాలము తన సంతతిని రెట్టింపు చేసికొనుచునే పోవును. ఈ రెట్టింపు లెక్కను గమనింపనిచో గ్రామమునకు ఎంతటి నష్టము వాటిల్లునో తెలుపుటకు మేము గుర్రపుడెక్కను ఉదాహరణముగా గైకొనుచున్నాము. దక్షిణ అమెరికాకు చెందిన ఈ మొక్క, ఊదారంగు పూల అందమునకై పందొమ్మిదవ శతాబ్దాంతమున మన దేశమునకు తేబడినది. నేడు చెరువులను, కాలువలను అల్లుకొని యున్నది.

అనుకూల పరిస్థితులలో ఇది సుమారు రెండు వారములకు రెట్టింపగును. 16 ఎకరముల చెరువులో ఒక మూల పావు ఎకరము మేర ఇది యున్నదనుకొందము. 2 వారములకు అర ఎకరము, 4 వారములకు 1 ఎకరము, 6 వారములకు 2, 8 వారములకు 4 ఎకరములగును. అప్పటికి ముప్పాతిక చెరువు తేటగానే యుండును గనుక, తొందర యేమని మనకు తోచును. కాని 10 వారములకు సగము, 12 వారములకు చెరువంతయు నిండవచ్చును. చివరి దినములలో పెరుగుదల కొంత మందగించినను, ఈ లెక్కలోని హెచ్చరిక మారదు.

నిండిన పిమ్మట చోటు, ఎండ, నీటిలోని పోషకములు చాలక పెరుగుదల తనంత తానే ఆగును. కాని ఆ హద్దు వచ్చునప్పటికి నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును; నీటిపారుదలకు అడ్డు కలుగును; దోమలు ప్రబలును. దీని స్వస్థలమున కొన్ని పురుగులు దీనిని తిని అదుపులో నుంచును. ఆ సహజ శత్రువులు ఇచ్చట లేనందున, 1980వ దశకమున రెండు జాతుల ముక్కుపురుగులను మన దేశమునకు తెప్పించి విడిచిరి. కొన్ని చోట్ల మేలు కలిగినది. కాని ఫలితమునకు కాలము పట్టును.

కావున హద్దును మనమే విధింపవలెను. నిండిన చెరువులో సగము మాత్రమే తీయించినచో, ఆ వ్యయముతో పంచాయతీ సంపాదించునది కొలది వారముల గడువు మాత్రమే. పావు ఎకరముగా నున్నప్పుడే, పూత రాకమునుపే, తుదిమొక్క వరకు తీయించుట చౌక. విత్తులు బురదలో పలు సంవత్సరములు బ్రతికియుండును గనుక, పక్షమున కొకసారి గట్టు వెంబడి నడచి, క్రొత్తగా మొలచినవానిని ఏరింపవలెను. తీసినవానిని ఎండబెట్టి కంపోస్టు గుంటలో వేయవచ్చును. మురుగునీరు చెరువులోనికి రాకుండ మళ్ళించినచో మొక్కకు ఆహారమే తగ్గును.

సభ్యులు వచ్చు సమావేశమునకు ముందే చెరువు చుట్టివచ్చి, మొక్క ఎంత మేర యున్నదో వ్రాసికొనవలెనని మా మనవి. రెండు వారముల పిమ్మట మరల కొలిచినచో, ఎంత గడువు మిగిలినదో ఆ లెక్కయే చెప్పును.