మన మాటకూ చోటుంది

సాయంత్రం పూట చిలకలగూడ గల్లీలో నిలబడి వినండి. ఎన్ని భాషలు వినిపిస్తాయి? ఒక ఇంట్లో తెలుగు. పక్కింట్లో ఉర్దూ. రైల్వే క్వార్టర్లలో తమిళం, మరాఠీ. కూలి పనికి వచ్చిన లంబాడి అక్క పిల్లలతో తన భాషలో మాట్లాడుతుంది. తెలుగులో కూడా ఎన్ని రకాలు! "ఏం చేస్తున్నావు?" అంటుంది ఒకామె. "ఏం జేస్తున్నవ్?" అంటుంది ఇంకొకామె. రెండూ తెలుగే.

ఇప్పుడు పేపరు తెరవండి. టీవీ పెట్టండి. ఈ మాటలన్నీ అందులో ఉన్నాయా?

చదువు నేర్చుకునే చోట ఒక చెల్లె ఇట్లా అన్నది:

"అక్కా, వార్తలు చదివేటోళ్లది మంచి భాష. మనది మోటు భాష. నలుగురిలో నోరు తెరవాలంటే సిగ్గయితది."

"మోటు అన్నదెవరు?" అని అక్క అడిగింది. "మన మాట లేని చోట మన కష్టం కూడా కనబడదు. సినిమా తార పెండ్లి వార్త అయితది. మన గల్లీల నల్లా రాకుంటే ఎవరు రాస్తరు? రాసేటోళ్లల్ల మనసొంటోళ్లు తక్కువ."

"మరి ఏం జెయ్యాలె?"

అక్క ఒక నిజమైన సంగతి చెప్పింది.

జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊరుంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ మంది దళిత స్త్రీలు. చిన్న రైతులు, కూలీలు. మా పంటల గురించి, మా మాటలో చెప్పుకోవడానికి మాకే ఒక రేడియో కావాలని వాళ్లు అనుకున్నారు.

1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అన్నది. అయినా వీళ్లకు లైసెన్సు రాలేదు. వాళ్లు ఊరుకోలేదు. తామే మాట్లాడి రికార్డు చేశారు. ఆ క్యాసెట్లను సంఘం మీటింగుల్లో వినిపించారు. 2006లో ప్రభుత్వం నియమాలు మార్చింది. 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' మొదలయింది. దాదాపు పదేళ్ల ఎదురుచూపు!

దాన్ని నడిపింది ఇద్దరు దళిత స్త్రీలు. ఇద్దరి పేరూ నరసమ్మే. ఒకరు జనరల్ నరసమ్మ. ఇంకొకరు అల్గోల్ నరసమ్మ. మైకు పని, రికార్డు పని అన్నీ నేర్చుకున్నారు. విత్తనాల ముచ్చట్లు, మందు చెట్ల ముచ్చట్లు, పండుగ పాటలు రేడియోలో వినిపించారు. అన్నీ అక్కడి మాటలోనే.

చిత్తూరు జిల్లాలో 2001లో 'నవోదయం' పత్రిక వచ్చింది. అందులో పల్లె ఆడవాళ్లే వార్తలు రాశారు.

చెల్లె కాసేపు మాట్లాడలేదు. తర్వాత నోటు బుక్కు తీసింది. "మా గల్లీల నల్లా నీళ్లు వస్తలేవు" అని పేపరుకు ఉత్తరం రాసింది. కింద తన పేరు పెట్టింది.

చర్చించండి

1. మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? అది రేడియోలో, టీవీలో వినిపిస్తుందా?
2. మీ బస్తీ గురించి పేపరులో ఏ వార్త రావాలి? మీ మాటలో నాలుగు వాక్యాలు రాయండి.