మాస్ ఎఫెక్ట్ 3: రీపర్ల వాదనలో లాజిక్ ఉందా?

స్పాయిలర్ హెచ్చరిక: మూడు భాగాల కథా, ముగింపూ ఇందులో ఉన్నాయి. ఆడనివాళ్ళు ఆడి వచ్చాక చదవండి.

మాస్ ఎఫెక్ట్ 3 వచ్చింది 2012 మార్చిలో. దాని ముగింపు మీద అప్పుడు మొదలైన గొడవ ఇప్పటికీ ఆగలేదు. మా ఇంట్లో మాత్రం మొన్న సంక్రాంతికి మొదలైంది. పండక్కి గుత్తి వచ్చిన మా బావమరిది నా ల్యాప్‌టాప్‌లో లెజెండరీ ఎడిషన్ చూసి, "నాకైతే ఆ విలన్ చెప్పింది కరెక్టే అనిపించింది బావా" అన్నాడు. కథలో పెద్ద లోపమే అది అన్నాను నేను. అర్ధరాత్రి దాకా వాదించుకున్నాక ఒక సంగతి బయటపడింది: మేమిద్దరం చూసిన కథ ఒకటి కాదు.

ముందు విలన్ మాట విందాం. రీపర్లు 50 వేల ఏళ్ళకోసారి వచ్చి, బాగా ఎదిగిన నాగరికతలన్నిటినీ పంట కోసినట్టు కోసుకుపోయే యంత్రాలు. మొదటి భాగంలో సావరిన్‌ని కారణం అడిగితే, అది మీ బుర్రకు అందేది కాదు పొమ్మంటుంది. మూడో భాగం చివర్లో కాటలిస్ట్ చిన్నపిల్లవాడి రూపంలో వచ్చి ఆ కారణం చెప్పేస్తుంది. ప్రాణులు ఎదిగాక యంత్రజీవులను తయారు చేస్తాయి, అవి ఎప్పటికైనా తమను చేసినవాళ్ళ మీదే తిరగబడతాయి, చివరికి ప్రాణమన్నదే మిగలదు. అందుకని ఎదిగిన జాతులను ముందే కోసి రీపర్లుగా మార్చి దాస్తే, ఇంకా ఎదగని జాతులు బతుకుతాయట.

"యంత్రాలు మిమ్మల్ని చంపకుండా యంత్రాలతో చంపిస్తాం" అని దీన్ని చాలామంది వెక్కిరిస్తారు. జోక్ బాగానే ఉంటుంది గానీ దానితో వాదన తేలదు. విలన్ ఉద్దేశం గురించి మాట్లాడేటప్పుడు మనం మూడు ప్రశ్నలను కలిపేస్తాం. వాడు చెప్పేది నిజమా, దాన్ని వాడు నిజంగా నమ్ముతున్నాడా, నమ్మితే మాత్రం ఈ పనే చేయాలా? వీటిని విడదీస్తే సగం గొడవ తగ్గుతుంది. కొన్ని కథల్లో ఈ పరీక్షే అక్కర్లేదు. 1776లో హైదర్ అలీ మా గుత్తి కోటను ముట్టడించాడు. కోట మీద నీళ్ళు అయిపోయేసరికి మురారి రావు లొంగిపోయాడు. వచ్చినవాడికి కోట కావాలి, లోపల నీళ్ళు తక్కువ, కాబట్టి ఆగాడు. ఎవరూ వచ్చి మనకు వివరించనక్కర్లేదు. కాటలిస్ట్ కారణం అలా కళ్ళకు కనిపించదు, అందుకే చిక్కు.

మొదటి ప్రశ్నకి జవాబు రన్నోక్ గ్రహం మీద ఉంది. క్వారియన్లు పనికోసం చేసుకున్న యంత్రాలు గెత్. వాటికి సొంత ఆలోచన పుడుతోందని భయపడి ఆపేయబోతే అవి ఎదురు తిరిగి, క్వారియన్లను గ్రహం నుంచి తరిమేశాయి. మూడు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ యుద్ధం. నేను ఆడినప్పుడు ఇద్దరికీ రాజీ కుదిరింది. గెత్ తమ పాత యజమానులు తిరిగి ఇల్లు కట్టుకోడానికి సాయం చేశాయి. ఇక కాటలిస్ట్ మాట నేనెందుకు నమ్మాలి?

మా వాడు నేరుగా మూడో భాగంతో మొదలుపెట్టాడు. అక్కడే ఉంది తిరకాసు. రెండో భాగం సేవ్ ఫైల్ లేకపోతే ఈ రాజీ అసలు సాధ్యం కాదు. తాలి, లీజన్ ఇద్దరూ బతికుండాలి, వాళ్ళ లాయల్టీ మిషన్లలో మనం తీసుకున్న నిర్ణయాలు లెక్కలోకి వస్తాయి. వాడి ఆటలో లీజన్ లేనే లేడు. వాడు గెత్ పక్షం తీసుకున్నాడు, క్వారియన్ల నౌకలన్నీ కాలిపోయాయి, తాలి కొండ అంచు నుంచి కిందపడి ప్రాణం తీసుకుంది. అది చూసి కాటలిస్ట్ దగ్గరికి వెళ్ళినవాడికి ఆ వాదన నిజంలాగే ఉంటుంది మరి. కాకపోతే రెండు యుద్ధాల్లోనూ ముందు దాడికి దిగింది క్వారియన్లే అని నేను గుర్తుచేశాను. దానికి వాడి దగ్గర జవాబు లేదు.

నా రాజీకి మాత్రం వాడు గట్టి సమాధానమే చెప్పాడు. "ఒక ఏడు వాన పడితే మన దగ్గర కరువు పోయినట్టేనా బావా?" ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లాలో ఈ మాటకి ఎదురు చెప్పడం కష్టం. కాటలిస్ట్ కూడా అదే అంటుంది: యంత్రాలను నాశనం చేసినా ఆ శాంతి నిలవదు, మీ పిల్లలు మళ్ళీ తయారు చేస్తారని. లెక్కలేనన్ని చక్రాలు చూసినదానికి రన్నోక్ ఒక మంచి వానాకాలం, అంతే. ఒప్పుకున్నాను. కానీ వాన నిలవదని రైతును ఎవరూ కోసెయ్యరు కదా.

అంటే మూడో ప్రశ్నలో విలన్ ఓడిపోతాడు. మరి అంత తెలివైనది ఈ దారే ఎందుకు పట్టింది? దీనికి 2012 ఆగస్టులో వచ్చిన లెవయథన్ డీఎల్‌సీ జవాబిస్తుంది. లెవయథన్లు మిగతా జాతులను లొంగదీసుకుని కప్పం వసూలు చేసుకునేవి. ఆ జాతులు తాము చేసిన యంత్రాల చేతిలో చస్తుంటే కప్పం ఆగిపోతోంది. అందుకని ప్రాణాన్ని ఎలాగైనా కాపాడమని ఒక కృత్రిమ మేధను తయారు చేశాయి. అది ఆదేశాన్ని అక్షరాలా పాటించి మొదట తన యజమానులనే కోసింది. అలా పుట్టిన మొదటి రీపరే హార్బింజర్. కాబట్టి కాటలిస్ట్ అబద్ధం చెప్పడం లేదు, ఎవరో కప్పం కోసం ఇచ్చిన పనిని వదలలేక చేస్తోంది. చెత్త వాదన ఉన్న మంచి విలన్ అది. ఈ ముక్క మొదట్లోనే గేమ్‌లో లేకుండా విడిగా అమ్మడం మాత్రం అన్యాయం.

నా అసలు ఫిర్యాదు ఇప్పుడు మారింది. లోపం విలన్ లాజిక్‌లో లేదు. రన్నోక్‌లో రాజీ చేసిన షెపర్డ్, కాటలిస్ట్ ఎదురుగా నిలబడి ఆ ఒక్క మాటా గట్టిగా అడగడు. ఒడ్డున కూర్చుని వంద గంటలు ఆడిన మనకి గుర్తున్నది వాడికి గుర్తు లేదు. 2012 జూన్‌లో ఉచితంగా ఇచ్చిన ఎక్స్‌టెండెడ్ కట్‌లో ఎంపికలన్నిటినీ కాదనే అవకాశం పెట్టారు. కాదంటే ఈ చక్రం ఓడిపోతుంది, లియారా దాచిన సమాచారంతో తర్వాతి చక్రం గెలుస్తుంది. అది తిరస్కారమే గానీ వాదన కాదు.

లెజెండరీ ఎడిషన్‌లో ఈ రెండూ కలిపే ఉన్నాయి. మొదటిసారి ఆడేవాళ్ళు మొదటి భాగం నుంచే మొదలుపెట్టండి, సేవ్ ఫైళ్ళు జాగ్రత్త, లెవయథన్ మిషన్లు ముగింపుకి ముందే పూర్తి చేయండి. మా వాడు ఇప్పుడు మొదటి నుంచి ఆడుతున్నాడు. నిన్న ఫోన్ చేసి, "వర్మైర్ దాకా వచ్చాను, సావరిన్ ఏమీ చెప్పకపోవడమే బాగుంది బావా" అన్నాడు. లీజన్ సంగతి నేనింకా చెప్పలేదు.