సికింద్రాబాద్ ఎవరిది? సెషన్, లీజు, జ్యూరిస్‌డిక్షన్ తేడాలు (అవగాహన)

తెలంగాణ చరిత్రలో నిజాం–బ్రిటిష్ ఒప్పందాల దగ్గర గ్రూప్స్ అభ్యర్థులు చాలామంది తడబడతారు. సెషన్, అసైన్‌మెంట్, లీజు, జ్యూరిస్‌డిక్షన్ అన్నింటికీ ‘అప్పగించారు’ అనే చదువుకోవడం దీనికి కారణం. చట్టం మాత్రం వీటిని వేర్వేరుగా చూస్తుంది.

సెషన్

భూమితో పాటు దాని మీది సార్వభౌమాధికారం కూడా చేతులు మారితే అది సెషన్. ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం అలీ ఖాన్ 1800లో బళ్లారి, కడప ప్రాంతాలను ఇలాగే వదులుకున్నాడు. అవే దత్త మండలాలు. ఆ తర్వాత అక్కడి శిస్తు, చట్టం, కోర్టు అన్నీ కంపెనీవే. సెషన్స్ కోర్టులోని సెషన్‌కు దీనితో సంబంధం లేదు, ఇంగ్లిష్‌లో స్పెల్లింగే వేరు.

అసైన్‌మెంట్, లీజు

రెండింటికీ బీరారే ఉదాహరణ. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం జీతాల బాకీలు చూపించి 1853లో డల్హౌసీ బీరార్ పాలనను, ఆదాయాన్ని తీసుకున్నాడు. ఇది అసైన్‌మెంట్. 1902లో కర్జన్ దాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత లీజుగా మార్చాడు. రెండు సందర్భాల్లోనూ కాగితం మీద యజమాని నిజామే. 1936 ఒప్పందం కూడా ఆ సంగతినే ఖాయం చేసింది. శాశ్వతం అన్న మాట చూసి సెషన్ అనుకుంటే మార్కు పోయినట్టే.

జ్యూరిస్‌డిక్షన్

సికింద్రాబాద్ ఈ కోవలోకి వస్తుంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ దండు ప్రాంతంలో నేల నిజాంది, పాలన బ్రిటిష్ రెసిడెంట్‌ది. 1900 ప్రాంతంలో జేమ్స్ స్ట్రీట్‌లోని ఒక దుకాణంలో దొంగతనం జరిగిందనుకోండి. కేసు రెసిడెంట్ కింది కోర్టుకు వెళుతుంది. అదే దొంగతనం హుస్సేన్ సాగర్ అవతల చార్మినార్ దగ్గర జరిగితే నిజాం కోర్టుకు వెళుతుంది. రెండుచోట్లా సార్వభౌముడు ఒక్కడే. విచారించే అధికారమే వేరు.

ఆ అధికారానికీ హద్దుంది. నిజాం రాజ్యంలోని రైలు మార్గం మీద బ్రిటిష్ వారికి జ్యూరిస్‌డిక్షన్ ఉండేది. దాన్ని ఆసరా చేసుకుని, సిమ్లా మేజిస్ట్రేటు వారంటు మీద ముహమ్మద్ యూసుఫుద్దీన్‌ను శంకర్‌పల్లి స్టేషన్లో అరెస్టు చేశారు. ఆయన మీద మోపిన నేరానికి రైల్వేతో ఏ సంబంధమూ లేదు. రైల్వే నిర్వహణ కోసం ఇచ్చిన అధికారం అంతవరకే చెల్లుతుందని, ఈ అరెస్టు చెల్లదని 1897లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. నా దృష్టిలో ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైన తీర్పు ఇదే. బలవంతుడైన బ్రిటిష్ ప్రభుత్వానికి బ్రిటిష్ న్యాయస్థానమే ఒప్పందంలోని మాటను చూపించి అడ్డుచెప్పింది.

రెండిషన్

తీసుకున్న పాలనను తిరిగి ఇచ్చేయడం రెండిషన్. 1945లో కంటోన్మెంట్ మినహా సికింద్రాబాద్ పట్టణం నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. 1960లో అది హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో కలిసింది. కంటోన్మెంట్‌కు నేటికీ వేరే బోర్డు ఉంది.

‘1945లో సికింద్రాబాద్‌పై నిజాంకు సార్వభౌమాధికారం తిరిగి దక్కింది’ అని ఆప్షన్ కనిపిస్తే పెట్టకండి. తిరిగి దక్కింది పాలనాధికారం. సార్వభౌమాధికారాన్ని నిజాం అక్కడ ఎన్నడూ వదులుకోలేదు.