కొలువు – స్వధర్మము

మానవుడు ఉదరపోషణార్థం ఏదో ఒక కొలువును ఆశ్రయించక తప్పదు. అయితే చేసే పనియందు మనస్సు నిలువక, దానిని విడిచే ధైర్యమూ చాలక, పాతిక ముప్పది సంవత్సరాలు నిట్టూర్పులతో గడిపేవారు ఎందరో ఉన్నారు. అట్టివారికి కొలువును విడుచుట ధర్మమా, సహించుట ధర్మమా అన్న సందేహం కలుగుట సహజం. పరధర్మం కంటె స్వధర్మమే శ్రేయస్కరమని గీతాచార్యుని బోధ. కాని తన ధర్మమేదో తెలుసుకొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు కళింగసీమకు చెందిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితం చక్కని సమాధానం.

వారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగ క్షేత్ర సమీపాన గల పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదివి, 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. ఆ కొలువు సుమారు 30 సంవత్సరాలు సాగింది.

పంతులుగారు కొలువును ద్వేషించినవారు కారు. కాని వారి హృదయం బడి గోడల మధ్యనే నిలిచిపోలేదు. శ్రీముఖలింగేశ్వరుని ఆలయంలోని శాసనాలను స్వయంకృషితో చదవనేర్చారు. పరిసర కొండలలోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని సంకల్పించి, ఆ భాష తెలిసినవారిని ఇంట ఉంచుకొని నేర్చుకొన్నారు. మన్యపు జ్వరం సోకినప్పుడు సేవించిన క్వినైను వలన వినికిడి దెబ్బతిన్నది. భాషను చెవితో పట్టవలసినవానికి ఇంతకంటె కఠినమైన పరీక్ష ఏమున్నది? అయినను వారు పూనిన పనిని విడువలేదు. ప్రభుత్వం పారితోషికమివ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టించుడని కోరారు.

1911లో, సుమారు 48 ఏళ్ల వయస్సులో, పంతులుగారు ఉద్యోగాన్ని విరమించారు. అది విశ్రాంతి కొరకు కాదు. 1919లో 'తెలుగు' అను పత్రికను నడిపారు. విద్య జనులు మాటలాడే భాషలో సాగాలని ఊరూరా వాదించారు. సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. 1940లో పరమపదించేవరకు వారి కృషి ఆగలేదు. నేడు వారి జన్మదినమే తెలుగు భాషా దినోత్సవం.

ఈ చరిత్ర నుండి సాధకుడు గ్రహింపదగినవి మూడు. మొదటిది: స్వధర్మం కొలువు విడిచిన మరునాడు ఆకాశం నుండి ఊడిపడదు. కొలువులో ఉండగానే తీరిక ఘడియలలో దానిని వెదకి సాధన చేయాలి. రెండవది: విసుగు వేరు, పిలుపు వేరు. విసుగు చేయుచున్న పనినుండి పారిపొమ్మంటుంది. పిలుపు చేయవలసిన పనిని చూపుతుంది, కష్టం వచ్చినా నిలువమంటుంది. మూడవది: ఆ పని వలన తనకేమి లాభమన్న తలంపు వెనుకబడి, ఇతరులకేమి మేలన్న తలంపు ముందుకు వచ్చినప్పుడే అది కర్మయోగమవుతుంది.

ఆలుబిడ్డల భారం మోయుచున్న గృహస్థు తొందరపడి కొలువు విడుచుట ధర్మం కాదు. భయం చేతనే జీవితమంతా దానిని పట్టుకొని వ్రేలాడుటయు ధర్మం కాదు. ప్రతిదినం ఒక్క ఘడియ తన మనసైన సత్కార్యానికి వినియోగించి, ఫలాన్ని ఈశ్వరునకు అర్పించినచో, విడువవలసిన సమయం వచ్చినప్పుడు చేయవలసిన పని సిద్ధంగా ఉంటుంది. అప్పుడు ఉద్యోగ విరమణ జీవితానికి ముగింపు కాక, స్వధర్మాచరణకు శుభారంభమవుతుంది.